చేతుల గది

ఫిబ్రవరి 11

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. ఫోను ఎత్తనని నీకు కోపం. ఫోను మీ బావ దగ్గర, మోటార్ల షాపులో ఉంటుంది. సాయంత్రం తెచ్చి నా చేతికిచ్చి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. ఆయన ముఖం చూస్తూ బాగున్నానని తప్ప ఏం చెప్తాను? ఉత్తరమే నయం. కుట్టు మిషను మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. దానికిప్పుడు వేరే పని లేదు.

కుడి రొమ్ము తీసేశారని నీకు తెలుసు. చంకలో గడ్డలు కూడా తీసేశారు. కట్లు విప్పారు. మూడు వారాలకోసారి, మంగళవారం, మందు ఎక్కిస్తున్నారు. ఇంకా అయిదుసార్లు ఉంది. ముందు గదిలో నిలువుటద్దాన్ని గోడవైపు తిప్పేశాను. కొలతలకు వచ్చినవాళ్ళు అద్దమేదంటే పగిలిందన్నాను.

మందు గది బయట ఒక పొడుగు బల్ల ఉంది. మా నలుగురిదీ ఒకటే వారం. నేను, ఒక టీచరమ్మ, కూరగాయలమ్మే ఆవిడ. నాలుగో ఆమె అసలు మాట్లాడదు. కూరగాయలావిడకు నోరెక్కువ. మొన్న గుండు తడుముకుంటూ, "అన్నంలో వెంట్రుక వచ్చిందని మా ఆయన ముప్పై ఏళ్ళు గొడవ పెట్టాడు. ఇక దేనికి పెడతాడో చూస్తా" అంది. అంత మనిషీ, రక్తంలో కణాలు తక్కువున్నాయని మందు ఎక్కించకుండా వెనక్కి పంపితే మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఆ ఒక్క వారంలో జబ్బు మళ్ళీ తిరగబెడుతుందేమోనని భయం. అది మాకందరికీ ఉంది.

ఇప్పుడు ఇంకో తంతు మొదలైంది. ఒక అమ్మాయి అట్టకు కాగితాలు పెట్టుకుని వస్తుంది. ముప్పై ప్రశ్నలు. నిద్ర పడుతోందా, చేయి వాచిందా, దిగులుగా ఉందా, అద్దంలో చూసుకుంటే ఇబ్బందిగా ఉందా. ప్రతిదానికీ నాలుగే జవాబులు: అస్సలు లేదు, కొంచెం ఉంది, బాగా ఉంది, చాలా ఎక్కువగా ఉంది. "దీనికీ మీ వైద్యానికీ సంబంధం లేదండీ" అంటుంది. వాళ్ళు అలాగే అంటారు. రక్తం తీసేటప్పుడు కూడా ఊరికే చూడటానికన్నారు, చూసి వెనక్కి పంపారు. అందుకని నేను ముప్పైకి ముప్పై "అస్సలు లేదు" అన్నాను. ఇంట్లోవాళ్ళతో సఖ్యత ఎలా ఉందని అడిగితే, పక్కనున్న మీ బావే "మాకేం ఇబ్బంది లేదమ్మా" అని చెప్పేశాడు.

బయటికొచ్చాక బల్ల మీద వాళ్ళకూ చెప్పాను, అస్సలు లేదనండి, మందు ఆగదు అని. టీచరమ్మ అయితే ఇదేదో పరీక్ష ముందురోజు పేపరు దొరికినట్టుందని నవ్వింది.

నా గురించి బెంగ పెట్టుకోకు. హాస్టలు పిల్లల్ని కొట్టకు.

నీ అక్క


మార్చి 2

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కూరగాయలావిడ మాట మా వంటమనిషికి చెప్తే గరిటె కింద పెట్టి మరీ నవ్వింది. నేను పిల్లల్ని కొట్టను. అరుస్తానంతే. నూట ఇరవై మంది ఆడపిల్లలున్న హాస్టల్లో వార్డెను అరవకపోతే స్నానాల గది దగ్గరే తెల్లారుతుంది.

పరీక్షలో బల్ల మీది వాళ్ళందరికీ జవాబులు చెప్పావన్నమాట. నన్ను అయిదో తరగతి గట్టెక్కించింది కూడా నువ్వే కదా, కిటికీలోంచి పలక చూపించి.

ఒక్క మాట. అమ్మ జబ్బు సంగతి నా పరీక్షలయ్యేదాకా నాకు చెప్పలేదు నువ్వు. నేనొచ్చేసరికి అమ్మ నన్ను గుర్తుపట్టే స్థితిలో లేదు. అది నేను మర్చిపోలేదు, నువ్వు మర్చిపోయినట్టు నటించినా. మళ్ళీ అలా చేయకు. ఉన్నదున్నట్టు రాయి. నువ్వు బాగున్నానని రాస్తే నమ్ముతాను, నమ్మి రెండు రోజులు హాయిగా పనిచేసుకుంటాను. అంతగా నమ్ముతాను, జాగ్రత్త.

నీ చెల్లి


మే 6

చెల్లీ,

ఆలస్యానికి ఏమనుకోకు. వేళ్ళ చివర కొంచెం తిమ్మిరిగా ఉంటోంది, మందు ప్రభావమట. సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి ముసలాయన్ని పిలిచాను. ఆయనకు కళ్ళు లేవు, నాకు వేళ్ళు లేవు. ఇద్దరం కలిసి పావుగంటలో ఎక్కించాం.

మిగతాదంతా బాగుంది. ఉన్నదున్నట్టే రాస్తున్నాను. తిండి తింటున్నాను. మీ బావ షాపుకొచ్చిన వాళ్ళందరితో "ఆవిడకేం, గట్టి పిండం" అంటున్నాడట. మధ్యాహ్నం వేళ ఇంటికొచ్చి చూడటం మానేశాడు. బాగున్నదాన్ని చూడటానికి ఎందుకు? మంచం ముందు గదిలోకి మార్చుకున్నాడు. నాకు విశ్రాంతి కావాలని తనే అన్నాడు.

ఆసుపత్రిలో ఒక కొత్త గది ఉంది. బల్ల మీద దాన్ని చేతుల గది అంటాం. పైన కప్పీ, దానికి తాడు, గోడకు వేళ్ళతో ఎక్కడానికి మెట్లలా గీతలు. లోపల ఒకామె, ఆపరేషనైన ఆడవాళ్ళకు వాపు రాకుండా చేతులు ఒత్తి, కింది నుంచి పైకి పట్టీ చుడుతుంది. అందరూ ఒకసారి చూపించుకోండన్నారు. గుమ్మం దాకా వెళ్ళాను. కుట్టుపని చేసేవాళ్ళనైతే నెలల తరబడి కత్తెర పట్టుకోనివ్వరట. నాకు అవసరం లేదని వచ్చేశాను.

నీ అక్క


జూన్ 9

అక్కా,

నీకొక పని తెచ్చాను. వద్దనకు.

మా చిన్న తరగతి పిల్లలకు నలభై యూనిఫాం చొక్కాలు కావాలి. బయట దర్జీకి ఇద్దామన్నారు. నేను అడ్డం పడ్డాను, మా అక్కలాగా కాలరు తిప్పేవాళ్ళు ఈ ఊళ్ళో లేరని. పెద్దమేడం ముందు ఒప్పించడానికి నెల పట్టింది. పిల్లల్ని చూడటానికి వచ్చే డాక్టరమ్మను కూడా అడిగాను, ఇలాంటి జబ్బు చేసి బాగైన మనిషికి పని ఇవ్వొచ్చా అని. చేయగలిగితే అంతకంటే మంచిది లేదు, చేతికి పనుంటే మనసు నిలబడుతుంది అంది. నువ్వేమో మిషను ఖాళీగా ఉందని రాశావు. అది చదివినప్పటి నుంచి నాకు అదే ఆలోచన.

చేయి ఎలా ఉంది? కష్టమైతే ఇప్పుడే చెప్పు, ఇంకెవరికైనా ఇచ్చేస్తాను. గుడ్డ, కొలతలు పార్సిలులో వేశాను. జూలై ఆఖరుకు అందాలి.

నీ చెల్లి


జూన్ 16

చెల్లీ,

పార్సిలు వచ్చింది. గుడ్డ మంచిది. చేయి బాగానే ఉంది. ఎవరికీ ఇవ్వకు.

అక్క


ఆగస్టు 4

అక్కా,

నిన్న చొక్కాలు విప్పాం. రాయకూడదనుకున్నాను, కానీ రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

పైనున్న ఇరవై తొమ్మిదీ నీ చేతి పనే. వేరే చెప్పక్కర్లేదు. అడుగున పదకొండు ఉన్నాయి చూడు, వాటిని కుట్టడం అనరు. కాలరు ఒక కొన పొడుగు, ఒక కొన పొట్టి. కాజాలు ఎలక కొట్టినట్టున్నాయి. ఒక చొక్కాకు అంచు కత్తిరించారా, పళ్ళతో కొరికారా? పెద్దమేడం ఒకటి రెండు వేళ్ళతో పట్టుకుని టీచర్లందరి ముందూ ఎత్తి చూపించింది. "మీ అక్కగారి చేతిపని ఇదేనా, వార్డెన్ గారూ?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఎవరి చేత కుట్టించావు? నీ దగ్గర పని నేర్చుకునే పిల్లలెవరికైనా ఇచ్చావా? చేతకాకపోతే చేతకాదని జూన్‌లోనే చెప్పొచ్చుగా! నీ పేరు మీద అంత పట్టుబట్టినందుకు నాకు మంచి మర్యాద దక్కింది. ఆ పదకొండూ విప్పి ఇక్కడి దర్జీకి ఇచ్చారు.

చెల్లి


సెప్టెంబరు 12

చెల్లీ,

అక్షరాలు వంకరగా ఉంటాయి. ఎడమ చేత్తో రాస్తున్నాను. నాలుగు రోజులుగా కొంచెం కొంచెం రాస్తున్నాను.

నలభై చొక్కాలూ నేనే కుట్టాను. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలెవరూ లేరు, జనవరిలోనే పంపేశాను.

చేయి ఏప్రిల్ నుంచి వాస్తోంది. మొదట గాజుల దగ్గర తెలిసింది, తర్వాత జాకెట్టు చేయి పట్టలేదు. రెండు జాకెట్లకు కుట్లు విప్పి వెడల్పు చేసుకున్నాను, పైన తువ్వాలు వేసుకున్నాను. మంగళవారాల్లో ఎవరూ చూడలేదు. నీ చొక్కాలు ఇరవై తొమ్మిది అయ్యేసరికి కత్తెర రింగులో బొటనవేలు దూరడం మానేసింది. అప్పుడు ఎడమ చేత్తో పట్టుకున్నాను. కత్తెర కుడిచేతి వాళ్ళ కోసం చేసింది. ఎడమ చేత్తో పట్టుకుంటే గుడ్డను కొయ్యదు, నములుతుంది. నువ్వు పళ్ళతో కొరికారా అని రాసింది అదే. సరిగ్గానే పోల్చావు.

నీ ఉత్తరం వచ్చిన రోజుకు నేను ఆసుపత్రిలో ఉన్నాను. వేలికి సూది గుచ్చుకున్న చోట నుంచి చేయంతా ఎర్రగా పొంగి జ్వరం వచ్చింది. ఆరు రోజులు ఉంచారు. మీ బావ నీ ఉత్తరం తెచ్చి, చొక్కాల గురించి ఏదో మంచిగా రాసి ఉంటుందని, చదివి వినిపిస్తానన్నాడు. నేనే చదువుకుంటానన్నాను.

డాక్టరు అడిగాడు, "ఎన్నాళ్ళ నుంచమ్మా ఈ వాపు?"

"ఏప్రిల్ నుంచి."

ఆయన కాగితాలు తిరగేశాడు. "ఎక్కడా చెప్పలేదే! అప్పుడే చేతుల గదికి వెళ్ళుంటే ఇంత దాకా వచ్చేది కాదు."

"ఇప్పుడు వెళ్తానండీ."

"ఇప్పుడెక్కడుంది? మూసేశారుగా."

నడవగలిగిన రోజున వెళ్ళి చూశాను. తాడు తీసేశారు. కప్పీ మాత్రం పైన ఉంది. గోడ మీద గీతలకు ఆనించి అట్టపెట్టెలు పేర్చారు. కాగితాల అమ్మాయి అక్కడే ఒక పెట్టె మీద కూర్చుని టీ తాగుతోంది. నన్ను గుర్తుపట్టి లేచింది, నవ్వుముఖంతో.

"మీరా అండీ! మీ కాగితాలు నాకెప్పుడూ తేలిగ్గా అయిపోయేవి."

గది ఎందుకు మూసేశారని అడిగాను.

"అవసరం లేదని తేలిందండీ. ఆర్నెల్లు నడిపి చూద్దామని పెట్టారు. ఎంతమందికి చేయి వాస్తోంది, ఎంతమంది దిగులు పడుతున్నారు, అది చూసి ఉంచుదామా తీసేద్దామా అని. మన ముప్పై ప్రశ్నలు అందుకే. మొదట్లో అందరూ ఏదో ఒకటి చెప్పేవాళ్ళు. మార్చి నుంచి ఎవర్నడిగినా అస్సలు లేదు, అస్సలు లేదు. మంగళవారం వాళ్ళే కాదు, అన్ని రోజుల వాళ్ళూ. మీరంతా బాగుండటం మంచిదే కదండీ?"

మార్చి నుంచి. నేను చెప్పింది ఫిబ్రవరిలో. టీచరమ్మ తన బడిలో మరో టీచరుకు చెప్పింది, ఆమెది గురువారం. కూరగాయలావిడ ఊరందరికీ చెప్పే ఉంటుంది. దీనికీ వైద్యానికీ సంబంధం లేదని ఆ అమ్మాయి నిజమే చెప్పింది. నేను నమ్మలేదు.

చేయి తగ్గుతుందన్నారు, పోదన్నారు. పట్టీ కట్టేవాళ్ళున్న ఆసుపత్రికి రెండు బస్సులు మారాలి. కుట్టుపని ఇక వద్దన్నారు.

నీకు తలవంపులు తెచ్చాను. ఆ మేడంతో ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం.

అక్క


సెప్టెంబరు 27

అక్కా,

నీ ఉత్తరం చదివి నేను ఏడవలేదు. కడుపు మండింది. ఆ మంటతోనే రాస్తున్నాను, నీకు నచ్చకపోతే చింపేయి.

చేయి ఎలా ఉందని జూన్‌లో అడిగాను. అడిగానా లేదా? "బాగానే ఉంది, ఎవరికీ ఇవ్వకు" అన్నావు. అమ్మప్పుడు నేను చిన్నదాన్ని, దాచావు. ఇప్పుడు నాకు నలభై ఆరేళ్ళు. నూట ఇరవై మంది పిల్లల్లో ఎవరికి జ్వరమో నడక చూసి చెప్తాను. నా అక్క చేయి వాచిన సంగతి నాకు తెలియదు. ఆ కాగితాల అమ్మాయికిచ్చిన జవాబే నాకూ ఇచ్చావు. ఆమె నీకు ఎవరూ కాదు. నేనేమవుతాను?

నిన్ను ముంచింది నేనే. ఆ గుడ్డ పంపింది నేను. అది నా నెత్తిన పెట్టి, నువ్వు మాత్రం తలవంపులు తెచ్చానని రాస్తావు! నన్ను తిట్టడానికి కూడా నీకు నోరు రాలేదు. తిట్టుంటే బాగుండేది. కుట్లు వంకరపోయాయని నేను రాసిన ఉత్తరం నీ దగ్గరుంటే పంపించు. నీ దగ్గర ఉండకూడదది.

పెద్దమేడంకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ "ముందే చెప్పుండాల్సింది" అంది. అందరూ అదే అంటారు. ఎవరికి చెప్పాలో, చెప్తే ఏం చేసేవాళ్ళో మాత్రం ఎవరూ అనరు.

పది రోజులు సెలవు అడిగాను. ఇచ్చారు. దసరా సెలవులయ్యాక, బడి నడిచే రోజుల్లోనే. నన్ను రావద్దంటావని తెలుసు. ఈసారి నువ్వు ఏం రాసినా నేను నమ్మను. ఆ బల్ల మీద ఆడవాళ్ళకు ఈ సంగతి చెప్పావా లేదా, అది మాత్రం రాయి.

చెల్లి


అక్టోబరు 8

చెల్లీ,

చెప్పాను. నిన్న మంగళవారం, పరీక్షలకు పిలిచారు. నలుగురమూ వచ్చాం.

చెప్పేముందు కూరగాయలావిడ చేయి చూశాను. ఆవిడదీ వాచింది, నాకంటే ఎక్కువ. గంప ఎత్తలేక అంగడి మరదలికి అప్పగించింది. ఆ మరదలు ఇప్పుడు ఈమెను అంగడిలో కూర్చోనివ్వడం లేదట, బేరాలకు అడ్డమని. పొద్దంతా ఇంట్లో గోడవైపు తిరిగి పడుకుంటోంది. అదంతా నవ్వుతూనే చెప్పింది, మరదలి నడక అనుకరిస్తూ. మేం నవ్వాం. నవ్వయ్యాక నేను చెప్పాను, ఆ గది ఎందుకు పోయిందో.

కూరగాయలావిడ నా ముఖంలోకి చూసింది.

"నీకు నాలుగక్షరాలు వచ్చని నమ్మాను," అంది.

లేచి వెళ్ళి బల్ల అవతలి కొసన కూర్చుంది. టీచరమ్మ నా భుజం మీద చేయి వేసి, "నేను టీచర్ని, నేనే ఆ పిల్లని సరిగ్గా అడగాల్సింది" అంది. ఆమె మంచికే అంది. నాకు ఆ చేయి బరువుగా ఉంది, తీయమన్నాను.

అప్పుడు నాలుగో ఆమె మాట్లాడింది. ఎనిమిది నెలల్లో ఆమె గొంతు వినడం మాకు అదే మొదటిసారి.

"నేను ఉన్నదే చెప్పాను," అంది. "ప్రతిసారీ. చాలా ఎక్కువగా ఉందనే చెప్పాను. నాకు మందు ఒక్కసారీ ఆపలేదు."

టీచరమ్మ అంది, "మరి మాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీరు నన్నడగలేదు. మీకు అన్నీ తెలిసినట్టుండేది."

చేతుల గదికి కూడా వెళ్ళేదట, మూసేదాకా. చేయి చూపించింది. రెండు చేతులూ దాదాపు ఒక్కలాగే ఉన్నాయి.

ఆ సాయంత్రం టీచరమ్మ ఒక కాగితం రాసింది, గది మళ్ళీ తెరవమని. ముగ్గురం సంతకాలు పెట్టాం. కూరగాయలావిడ పెట్టలేదు. "ఇంకో కాగితమా? నాకొద్దు" అంది. పై ఆఫీసులో తీసుకున్నారు. వచ్చే ఏడాది మళ్ళీ ప్రశ్నలు మొదలుపెడతారట, అప్పుడు చూద్దామన్నారు.

ఇప్పుడు నీ సంగతి. నీకేమవుతానని అడిగావు. అమ్మప్పుడు నీకు చెప్పకపోవడం నీ కోసం కాదు. చెప్తే నువ్వు వచ్చేస్తావు, నువ్వొస్తే ఇద్దరం ఏడుస్తాం, ఏడిస్తే నేను పని చేయలేను. అందుకు. ఈసారీ అంతే. నిన్ను కాపాడాలని దాచానని అనుకోకు, అంత మంచిదాన్ని కాదు. బాగున్నానని అంటుంటే బాగున్నట్టే ఉండేది. ఇంకొకరికి తెలిస్తే అది నిజమైపోతుందని భయం.

నీ మీద కోపం లేదని రాయబోయాను. ఉంది. ఆ పదకొండు చొక్కాల ఉత్తరం మంచం మీద పడుకుని చదివాను, అప్పుడు నీ పేరు తలచుకోవడానికి మనసు రాలేదు. ఆ ఉత్తరం పంపను. చింపేశాను.

మీ బావకు నువ్వొస్తున్నావని చెప్పాను. "ఎందుకు, బాగానే ఉన్నావుగా?" అన్నాడు. బాగోలేనన్నాను. ఆయన షాపులో మోటారు వదిలేసి వచ్చానని వెళ్ళిపోయాడు. ఇంకా దాని గురించి మాట్లాడలేదు.

పది రోజులకే వస్తున్నావు. వంట నీదే. జుట్టు కొంచెం మొలిచింది, చూసి ఏమీ అనకు. స్నానానికి వెనక నుంచి నీళ్ళు పోసేవాళ్ళు కావాలి. నాలుగు నెలలుగా ఒక్కదాన్నే అవస్థ పడుతున్నాను. ఆ వైపు నేను ఇంతవరకూ చూసుకోలేదు, నువ్వే మొదట చూస్తావు. చూసి ముఖం తిప్పుకుంటే తిప్పుకో, కానీ ఏమీ లేదన్నట్టు మాట్లాడకు.

మధ్యాహ్నం బస్సుకు రా. స్టాండుకు ఎవరూ రారు. నీ సంచి నువ్వే మోసుకోవాలి, నేను పట్టుకోలేను.

అక్క